డిలీట్ నొక్కే ముందు: ఇంటి కంప్యూటర్‌లో ఫైళ్లు పోకుండా చూసుకునే పద్ధతి

రెండేళ్ల కిందట మా మేనకోడలి పెళ్లి ఫోటోలు నా చేతులారా పోగొట్టాను. ఫోటోగ్రాఫర్ ఇచ్చిన పెన్‌డ్రైవ్ అక్క నాకిచ్చి, "నీ కంప్యూటర్లో ఒక కాపీ వేసి ఉంచరా" అంది. ఫోల్డర్ మీద రైట్‌క్లిక్ చేసి, 'సెండ్ టు'లోకి వెళ్లి 'డెస్క్‌టాప్' నొక్కాను. డెస్క్‌టాప్ మీద ఫోల్డర్ వచ్చింది. తెరిచి చూస్తే ఫోటోలన్నీ ఉన్నాయి. పని అయిపోయిందనుకున్నాను.

నెల తర్వాత మేనల్లుడు వచ్చాడు. రెజ్యూమె ప్రింట్ తీయించుకోడానికి మద్దిలపాలెంలో జెరాక్స్ షాపుకి వెళ్లాలి, పెన్‌డ్రైవ్ కావాలన్నాడు. పదిమంది వాడే కంప్యూటర్లో పెళ్లి ఫోటోలు ఎందుకని అన్నీ సెలెక్ట్ చేసి డిలీట్ కొట్టాను. కంప్యూటర్ ఏదో అడిగింది, ఎస్ అన్నాను. రెజ్యూమె ఒక్కటీ వేసి ఇచ్చాను. సాయంత్రం డెస్క్‌టాప్ మీది ఫోల్డర్ తెరవబోతే తెరుచుకోలేదు. అప్పుడు కనబడింది, ఐకాన్ కింద ఎడమ మూలన చిన్న బాణం గుర్తు. అది ఫోల్డర్ కాదు, షార్ట్‌కట్. అసలు ఫోటోలు ఒక్కరోజు కూడా నా కంప్యూటర్లోకి రాలేదు. అన్నాళ్లూ నేను తెరిచి చూసింది పెన్‌డ్రైవ్‌నే.

"ఏటైంది మావయ్యా, అలా అయిపోయావు?" అన్నాడు వాడు.

తెలియక డిలీట్ చేసేవాళ్లు తక్కువ. 'ఇంకో చోట ఉందిలే' అన్న ధీమాతో కొట్టేసేవాళ్లమే ఎక్కువ. అందుకని కింద చెప్పినవాటిలో సగం కంప్యూటర్ సెట్టింగులు, సగం ఆ ధీమాకి వేసే కళ్లేలు. విండోస్ 10, 11 ఉన్నవాళ్లను దృష్టిలో పెట్టుకుని రాస్తున్నాను, మనవైపు ఇళ్లల్లో ఎక్కువగా ఉండేవి అవే కాబట్టి.

మొదట ఓ చిన్న పరీక్ష చేయండి

ఇది చదువుతూనే చేయొచ్చు, రెండు నిమిషాల పని. డెస్క్‌టాప్ మీద ఒక ఖాళీ నోట్‌ప్యాడ్ ఫైలు పెట్టండి. పెన్‌డ్రైవ్ తగిలించి అందులో ఇంకోటి పెట్టండి. రెండింటినీ డిలీట్ చేసి రీసైకిల్ బిన్ తెరవండి. డెస్క్‌టాప్ మీది ఫైలు అక్కడ ఉంటుంది. పెన్‌డ్రైవ్‌లోది ఉండదు.

పెన్‌డ్రైవ్‌కి, కెమెరా మెమరీ కార్డుకి, కేబుల్‌తో తగిలించిన ఫోనుకి రీసైకిల్ బిన్ పనిచేయదు. అక్కడ డిలీట్ అంటే నేరుగా పోవడమే. పెద్ద ఎక్స్‌టర్నల్ హార్డ్‌డిస్క్‌కి మాత్రం సాధారణంగా బిన్ ఉంటుంది, అది ఆ డిస్కులోనే ఉంటుంది. కాబట్టి ఆ డిస్కు తగిలించినప్పుడే అందులోంచి తీసేసినవి బిన్‌లో కనిపిస్తాయి.

కంప్యూటర్ లోపలి డిస్కులోనూ బిన్‌ని తప్పించుకుపోయే దారులు రెండున్నాయి. షిఫ్ట్ నొక్కిపట్టి డిలీట్ కొట్టడం ఒకటి. బిన్‌కి ఇచ్చిన జాగా కన్నా ఫైలు పెద్దదవడం రెండోది. పెళ్లి వీడియోలు, సీసీ కెమెరా రికార్డింగులు ఈ రెండో దారిన పోతుంటాయి. షిఫ్ట్ డిలీట్ సంగతి వేరు. ఆఫీసులో ఎవరో ఒకరు "బిన్ ఖాళీ చేసే పని ఉండదు సార్" అని నేర్పుతారు, అదో తెలివిగా అలవాటైపోతుంది. నన్నడిగితే ఇంట్లో ఆ అలవాటు పూర్తిగా మానేయడమే మంచిది. దానివల్ల మిగిలేది ఒక్క క్లిక్కు.

బిన్ సెట్టింగులు సరిచేయడం

రీసైకిల్ బిన్ మీద రైట్‌క్లిక్ చేసి 'ప్రాపర్టీస్' తెరవండి. పైన మీ డ్రైవులు వరుసగా కనిపిస్తాయి. ఒక్కో డ్రైవుకి సెట్టింగు వేరువేరుగా ఉంటుంది. సి డ్రైవుకి సరిచేసి వదిలేస్తే డి డ్రైవు పాతలాగే ఉండిపోతుంది. అందుకని ఒక్కోదాని మీద క్లిక్ చేసి చూడండి.

'డోంట్ మూవ్ ఫైల్స్ టు ద రీసైకిల్ బిన్' అని మొదలయ్యే లైను ఎంచుకుని ఉంటే బిన్ ఉండీ లేనట్టే. దాని పైనున్న 'కస్టమ్ సైజ్' ఎంచుకోండి. అక్కడ రాసే అంకె ఎంబీల్లో ఉంటుంది. 50 జీబీ ఇవ్వాలంటే 51200 అని కొట్టాలి. డిస్కు చిన్నదైతే 20 జీబీ చాలు. ఇంట్లో పెద్ద వీడియోలు ఉంటే ఇంకాస్త పెంచండి.

కింద 'డిస్‌ప్లే డిలీట్ కన్ఫర్మేషన్ డైలాగ్' అనే గడి ఉంటుంది. విండోస్ 8 దగ్గర్నుంచి అది మామూలుగా టిక్ లేకుండానే వస్తోంది. టిక్ పెట్టండి. ఇకనుంచి డిలీట్ నొక్కిన ప్రతిసారీ కంప్యూటర్ ఒకసారి అడుగుతుంది. వారం రోజులు విసుగ్గానే ఉంటుంది. పిల్లి కీబోర్డు మీద నడిచే ఇళ్లల్లోనూ, రెండేళ్ల మనవడు ఒళ్లో కూర్చుని మీటలు నొక్కే ఇళ్లల్లోనూ ఆ విసుగు పడొచ్చు.

ఆ ప్రశ్నలో చూడాల్సింది ఒక్క మాటే. బిన్‌లోకి వెళ్లే ఫైలైతే 'మూవ్ దిస్ ఫైల్ టు ద రీసైకిల్ బిన్' అని అడుగుతుంది. తిరిగి రాకుండా పోయే ఫైలైతే 'పర్మనెంట్‌లీ డిలీట్' అని అడుగుతుంది. రెండు డబ్బాలూ చూడ్డానికి దాదాపు ఒకేలా ఉంటాయి, అదే చిక్కు. చెయ్యి అలవాటుకొద్దీ ఎంటర్ కొట్టేస్తుంది. పెన్‌డ్రైవ్ ఖాళీ చేసినప్పుడు నన్ను అడిగింది ఆ రెండో ప్రశ్నే. 'పర్మనెంట్‌లీ' అన్న మాట కనబడిందంటే చేతిని మౌస్ మీదనుంచి తీసేయండి. లేచి మంచినీళ్లు తాగి వచ్చి మళ్లీ చదవండి.

మీకు తెలియకుండా తుడిచే పనివాళ్లు

'సెట్టింగ్స్'లో 'సిస్టమ్', దాంట్లో 'స్టోరేజ్', దాంట్లో 'స్టోరేజ్ సెన్స్' అనేది ఉంటుంది. ఇది ఆన్‌లో ఉంటే, బిన్‌లో 30 రోజులు దాటిన ఫైళ్లను తనే తీసేస్తుంది. ఆ గడువు మార్చుకోవచ్చు, 'నెవర్' అని కూడా పెట్టుకోవచ్చు. దాని కిందే 'డౌన్‌లోడ్స్' ఫోల్డర్‌కి కూడా ఒక గడువు ఉంటుంది. అది 'నెవర్' మీదే ఉందో లేదో ఇప్పుడే చూసుకోండి. మన ఇళ్లల్లో కరెంటు బిల్లు రసీదులు, ఆధార్ పీడీఎఫ్, పిల్లల హాల్‌టికెట్లు, ఇంటి ఈసీ కాపీ, అన్నీ ఉండేది డౌన్‌లోడ్స్‌లోనే. వాటిని తీసి 'డాక్యుమెంట్స్'లో ఒక ఫోల్డర్‌లో పెట్టుకుంటే ఇంకా మంచిది.

మా బావకి ఇంకో అలవాటు ఉండేది. పనికొస్తాయో రావో తేలని ఫైళ్లన్నీ డిలీట్ చేసి బిన్‌లోనే ఉంచేవాడు. "అటక మీద పెట్టినట్టే కదరా, కావాలంటే తీసుకోవచ్చు" అనేవాడు. బిన్ అటక కాదు. జాగా నిండితే పాతవి వాటంతటవే పోతాయి, క్లీనర్ యాప్ ఏదైనా వేసి ఉంటే అది ఊడ్చేస్తుంది, ఇంట్లో ఎవరో శుభ్రం చేస్తున్నామనుకుని 'ఎంప్టీ' కొట్టేస్తారు. తేలనివి ఉంటే 'తర్వాత చూడాలి' అని ఓ ఫోల్డర్ పెట్టుకోండి, దానికేం అద్దె కట్టక్కర్లేదు.

కాపీ చేశాక, డిలీట్ చేయక ముందు

నేను జారిపడింది ఇక్కడే కాబట్టి కాస్త నిదానంగా చెప్తాను.

ఒకచోటి నుంచి ఇంకోచోటికి ఫైళ్లు మార్చేటప్పుడు 'కట్' వాడకండి, 'కాపీ' వాడండి. కట్ చేసి పేస్ట్ చేస్తుండగా సగంలో కరెంటు పోయినా, కేబుల్ కదిలినా, ఏవి అటు వెళ్లాయో ఏవి ఇటు మిగిలాయో వెతుక్కోవాలి. కాపీలో ఆ గొడవ లేదు, అసలువి ఎక్కడివక్కడే ఉంటాయి.

కాపీ అయ్యాక రెండు ఫోల్డర్ల మీదా రైట్‌క్లిక్ చేసి ప్రాపర్టీస్ చూడండి. 'కంటెయిన్స్' అన్నచోట ఎన్ని ఫైళ్లు, 'సైజ్' అన్నచోట ఎన్ని బైట్లు అన్నది రెండింటిలోనూ ఒకటే ఉండాలి. షార్ట్‌కట్ అయితే ఇక్కడే దొరికిపోతుంది. ఆరు జీబీల ఫోల్డర్ అనుకున్నది ఒకటి రెండు కేబీలే చూపిస్తుంది. నేను ఈ ఒక్క పని చేసి ఉంటే ఇదంతా రాయాల్సి వచ్చేది కాదు.

అంకెలు సరిపోయినా ఆగండి. పెన్‌డ్రైవ్ తీసి టేబుల్ మీద పెట్టేయండి. అది తగిలించి లేనప్పుడు, కంప్యూటర్లో ఉన్న కాపీలోంచి మొదట్లోది ఒకటి, మధ్యలోది ఒకటి, చివర్లోది ఒకటి తెరిచి చూడండి. వీడియో అయితే చివరిదాకా జరిపి చూడండి. అసలుదాన్ని ఇంకో వారం ఉంచి అప్పుడు తుడవండి. కెమెరా కార్డు, ఫోను, ఎవరో ఇచ్చిన పెన్‌డ్రైవ్, అన్నిటికీ ఇదే వరస.

డిలీట్ అనే మాటే రాకుండా ఫైలు పోయే పద్ధతి ఇంకోటుంది. అదే పేరుతో ఫైలు ఇప్పటికే ఉన్నచోట పేస్ట్ చేస్తే 'రీప్లేస్' చేయమంటావా అని అడుగుతుంది. సరే అంటే పాతది పోతుంది, బిన్‌లోకి కూడా రాదు. రెండిట్లో ఏది కావాలో తెలియకపోతే ఆ డబ్బాలోనే 'కంపేర్' అని మొదలయ్యే లైను నొక్కి, రెండింటికీ టిక్ పెట్టండి. రెండూ ఉంటాయి, ఒకదాని పేరు చివర అంకె చేరుతుంది.

వర్డ్‌లో కూడా ఇలాంటిదే. పోయినేడు అద్దె అగ్రిమెంటు తెరిచి, పేర్లూ తేదీలూ మార్చి, కంట్రోల్ ఎస్ కొడతాం. కొత్తది తయారవుతుంది, పోయినేటిది మాయమవుతుంది. పాత ఫైలు తెరవగానే ఇంకేమీ ముట్టుకోకుండా ఎఫ్12 నొక్కండి. 'సేవ్ యాజ్' వస్తుంది. కొత్త పేరు ఇచ్చి, ఆ తర్వాతే మార్పులు మొదలెట్టండి.

ఫైలు మీద 'రీడ్ ఓన్లీ' టిక్ పెడితే ఎవరూ డిలీట్ చేయలేరని కొందరు నమ్ముతారు. అది మార్పులు చేసి సేవ్ చేయడాన్ని అడ్డుకుంటుంది గానీ డిలీట్‌ని ఆపదు. పిల్లలు కంప్యూటర్ వాడే ఇంట్లో అయితే వాళ్లకు వేరే అకౌంట్ ఇవ్వండి. 'సెట్టింగ్స్', 'అకౌంట్స్'లో కొత్త యూజర్‌ని చేర్చి, 'స్టాండర్డ్ యూజర్'గా ఉంచండి. వాళ్ల డెస్క్‌టాప్ వాళ్లది, మీ డాక్యుమెంట్లు వాళ్లకు కనబడనే కనబడవు. డి డ్రైవులో పెట్టినవి మాత్రం అందరికీ అందుబాటులోనే ఉంటాయి, అది గుర్తుంచుకోండి.

క్లౌడ్‌లో ఉందిగా అనుకుంటే

వన్‌డ్రైవ్, గూగుల్ డ్రైవ్ లాంటివి సింక్ చేస్తాయి. అంటే ఇక్కడ ఏది జరిగితే అక్కడా అదే జరుగుతుంది. కంప్యూటర్లో డిలీట్ చేస్తే క్లౌడ్‌లోనూ డిలీట్ అవుతుంది. వాటికీ బిన్ ఉంది గానీ గడువుతో. సొంత అకౌంట్లకు వన్‌డ్రైవ్‌లో 30 రోజులు, గూగుల్ డ్రైవ్‌లోనూ 30 రోజులు. గూగుల్ ఫోటోస్‌లో బ్యాకప్ అయిన ఫోటోకి 60 రోజులు. ఉచితంగా వచ్చే జాగా కూడా గూగుల్‌లో 15 జీబీ, వన్‌డ్రైవ్‌లో 5 జీబీ మాత్రమే, అది నిండితే కొత్తవి ఎక్కడం ఆగిపోతుంది.

ఫోను దగ్గర ఇంట్లో పెద్దవాళ్లకు ఒక్క విషయం చెప్పి ఉంచండి. గూగుల్ ఫోటోస్‌లో 'ఫ్రీ అప్ స్పేస్' నొక్కితే బ్యాకప్ అయినవాటినే ఫోనులోంచి తీస్తుంది, క్లౌడ్‌లో ఉంటాయి. చెత్తబుట్ట బొమ్మ నొక్కితే రెండుచోట్లా పోతాయి. "ఫోను నిండిపోయిందర్రా" అంటూ మా అమ్మ నొక్కేది ఎప్పుడూ చెత్తబుట్టనే.

అసలైన రెండో కాపీ

ఒక టీబీ ఎక్స్‌టర్నల్ హార్డ్‌డిస్క్ ఇంటి అవసరాలకు ధారాళంగా సరిపోతుంది. దాన్ని తగిలించి, 'కంట్రోల్ ప్యానెల్' తెరిచి 'ఫైల్ హిస్టరీ' అని వెతకండి. 'టర్న్ ఆన్' నొక్కండి. అంతే, డిస్కు తగిలించి ఉన్నంతసేపూ గంటకోసారి మారిన ఫైళ్లను దాచుకుంటూ పోతుంది. పాత రూపాలు కూడా ఉంచుతుంది. ఇందాకటి అద్దె అగ్రిమెంటు మీద రైట్‌క్లిక్ చేసి ప్రాపర్టీస్‌లో 'ప్రీవియస్ వెర్షన్స్'కి వెళ్తే, చెరిపేసుకున్న పాతది అక్కడ దొరుకుతుంది.

దీంట్లో ఒక మెలిక ఉంది, చాలామందికి తెలియదు. ఫైల్ హిస్టరీ మీ డెస్క్‌టాప్, డాక్యుమెంట్స్, పిక్చర్స్ లాంటి ఫోల్డర్లనే చూసుకుంటుంది. మనవాళ్లు ఫోటోలన్నీ పెట్టేది డి డ్రైవులో. "విండోస్ పాడైతే సి పోతుంది, డి లో సేఫ్" అని కంప్యూటర్ అమ్మినవాళ్లే చెప్పి ఉంటారు. ఆ డి డ్రైవు ఫోల్డర్లను ఫైల్ హిస్టరీ ముట్టుకోదు. ఫోల్డర్ మీద రైట్‌క్లిక్ చేసి 'ఇంక్లూడ్ ఇన్ లైబ్రరీ'లోకి వెళ్లి 'పిక్చర్స్' ఎంచుకుంటే అప్పుడు చూసుకుంటుంది. విండోస్ 11లో ముందు 'షో మోర్ ఆప్షన్స్' నొక్కాలి. ఇంకో మాట, ఒకే డిస్కుని సి, డి అని విడగొట్టి ఉంటే, ఆ డిస్కు పాడైన రోజున రెండూ కలిసే పోతాయి.

డిస్కుని రోజంతా తగిలించి ఉంచకండి. 2017 మేలో వానాక్రై అనే రాన్సమ్‌వేర్ దేశదేశాల కంప్యూటర్లలో ఫైళ్లకు తాళాలు వేసింది. అలాంటివి వచ్చినప్పుడు తగిలించి ఉన్న బ్యాకప్ డిస్కుకీ తాళం పడుతుంది. నేను ఆదివారం పొద్దున కాఫీ తాగుతూ తగిలిస్తాను, స్నానానికి వెళ్లే ముందు తీసేస్తాను.

దాన్ని ఎక్కడ పెట్టాలన్నది విశాఖలో ఉన్నవాళ్లకు చెప్పక్కర్లేదనుకుంటాను. 2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ వచ్చినప్పుడు సీతమ్మధారలో మా ఇంటి కిటికీ అద్దాలు పగిలి వాన నేరుగా కంప్యూటర్ టేబుల్ మీద కురిసింది. అప్పట్లో బ్యాకప్ డిస్కుని సీపీయూ మీదే పెట్టేవాణ్ణి. రెండూ ఒకే తడిలో తడిశాయి. కరెంటు వచ్చేదాకా ఏది బతికిందో తెలుసుకునే వీల్లేకపోయింది. బతికింది డిస్కే, అదీ నా అదృష్టం. ఇప్పుడు ఒక డిస్కు బీరువాలో ఉంటుంది, మూత గట్టిగా పట్టే ప్లాస్టిక్ డబ్బాలో, కొత్త చెప్పుల డబ్బాలో వచ్చే సిలికా జెల్ పొట్లాలు రెండు వేసి. సముద్రం గాలికి కనెక్టర్లు తుప్పు పడతాయి, బీచ్ దగ్గర ఉండేవాళ్లకు మరీను. ఇంకో డిస్కు విజయనగరంలో అక్క ఇంట్లో ఉంటుంది. మార్చి 31ని వరల్డ్ బ్యాకప్ డే అంటారు, దానికి కాస్త అటూఇటూగా మనకు ఉగాది వస్తుంది. పండక్కి వెళ్లినప్పుడు ఈ డిస్కు అక్కడ పెట్టి ఆ డిస్కు తెచ్చుకుంటాను.

పోయాక

ఇప్పటికే పోగొట్టుకుని ఇది చదువుతున్నారనుకుందాం. ముందు కంట్రోల్ జెడ్ కొట్టి చూడండి, అప్పుడే డిలీట్ చేసి ఉంటే ఫైలు వెనక్కి వస్తుంది. రాకపోతే బిన్, తర్వాత క్లౌడ్ బిన్. ఎక్కడా లేకపోతే ఆ డిస్కు మీద ఇంకేమీ రాయకండి. డిలీట్ అయిన ఫైలు పాత హార్డ్‌డిస్క్‌లోనూ పెన్‌డ్రైవ్‌లోనూ వెంటనే చెరిగిపోదు. ఆ జాగా ఖాళీ అని మాత్రమే కంప్యూటర్ గుర్తు పెట్టుకుంటుంది. దాని మీద కొత్తది పడేదాకా పాతది వెతికి తీయొచ్చు. పోయింది పెన్‌డ్రైవ్‌లోంచి అయితే పీకి పక్కన పెట్టండి. సి డ్రైవులోంచి అయితే కంప్యూటర్ ఆపేయండి, బ్రౌజర్ తెరిచినా ఏదో ఒకటి రాస్తూనే ఉంటుంది. కొత్త కంప్యూటర్లలో హార్డ్‌డిస్క్ బదులు వచ్చే ఎస్ఎస్‌డీ అయితే ఆశ తక్కువ. అందులో ట్రిమ్ అనే పని నడుస్తుంటుంది, ఖాళీ అన్న జాగాని అది నిజంగానే ఖాళీ చేసేస్తుంది.

వెతికి తీయడానికి మైక్రోసాఫ్ట్ వాళ్లదే 'విండోస్ ఫైల్ రికవరీ' స్టోర్‌లో ఉచితంగా దొరుకుతుంది. అయితే అది కమాండ్లు టైపు చేసి నడపాల్సినది. ఫోటోలకు నేను వాడింది 'ఫోటోరెక్', అది కూడా ఉచితమే. ఏది వాడినా, ఫైళ్లు పోయిన డిస్కులోనే దాన్ని ఇన్‌స్టాల్ చేయొద్దు, దొరికినవి ఆ డిస్కులోనే సేవ్ చేయొద్దు. షాపుకి ఇచ్చేట్టయితే అదే మాట వాళ్లకూ చెప్పండి, రాకపోతే ఎంత తీసుకుంటారో ముందే అడగండి. ద్వారకానగర్‌లో నేను అడిగిన ఒక షాపతను పెన్‌డ్రైవ్‌ని ముందు ఫార్మాట్ చేయాలన్నాడు. తీసుకుని వచ్చేశాను.

మేనల్లుడు ఆ పెన్‌డ్రైవ్‌లో రెజ్యూమె తప్ప ఇంకేం వేయలేదు, అది కలిసొచ్చింది. రాత్రి పదింటికి ఫోటోరెక్ మొదలెట్టి పడుకున్నాను. పొద్దున చూస్తే 412 ఫోటోల్లో 371 వచ్చాయి. పేర్లన్నీ పోయి ఎఫ్ అక్షరం పక్కన పొడుగాటి అంకెలతో ఉన్నాయి. ఏది ముందో ఏది వెనకో తెలియక, పెళ్లికూతురి చీర రంగు చూసుకుంటూ వరసలో పెట్టాం అక్కా నేనూ. జీలకర్ర బెల్లం ఫోటో పైసగమే వచ్చింది. కింది సగమంతా బూడిద రంగు.